"తెలుగు రావడం లేదు, అర్జెంట్" అని అడిగేవాళ్లకీ, జవాబు చెప్పేవాళ్లకీ

మా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకి సిద్ధం చేసే పని) వాళ్ల టెలిగ్రామ్ గ్రూపులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "తెలుగు రావడం లేదు సార్. అర్జెంట్." అంతే. కింద ఒక్కోసారి ఫోన్‌తో తీసిన మానిటర్ ఫొటో ఉంటుంది. సగం స్క్రీన్ మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి ఏమీ కనిపించదు.

మాది విజయవాడ, గవర్నర్‌పేట. పేజీమేకర్ రోజుల నుంచి ఇదే పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు గైడ్లు, అప్పుడప్పుడు ఎవరో ఒకరి కవితల పుస్తకం. గ్రూపులో విజయవాడ, గుంటూరు, తెనాలి, ఏలూరు వైపు ఆపరేటర్లే ఎక్కువ. ఈమధ్య కాలేజీ పిల్లలు, సొంతంగా ప్రోగ్రాములు రాసుకునేవాళ్లు కూడా చేరుతున్నారు. పనిలో కాస్త ఖాళీ దొరికితే నాకు తెలిసినవాటికి జవాబు రాస్తుంటాను. అడిగేవాళ్ల మీద చిరాకుతో ఈ పోస్టు రాయడం లేదు. గ్రూపులో జవాబు తెలిసినవాళ్లు ఉండి కూడా అది అవసరమైనవాళ్లకి అందకుండా పోవడం చాలాసార్లు చూశాను, అందుకు రాస్తున్నాను.

"తెలుగు రావడం లేదు" అంటే మా పనిలో కనీసం ఐదు వేరువేరు సమస్యలు.

అనూ ఫాంట్లతో కొట్టిన ఫైలుని ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిచి ఉండొచ్చు. అనూ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంఖ్య ఉండే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఇచ్చిన స్థానాల్లో తెలుగు రూపాలని కూర్చోబెట్టారు. ఫాంటు లేకపోతే అక్కడ ఇంగ్లీషు గజిబిజి కనిపిస్తుంది, ఫాంటు వేస్తే సర్దుకుంటుంది. రెండోది, అదే మేటర్‌ని యూనికోడ్ ఫాంటులోకి పేస్ట్ చేసుకుంటే మాత్రం ఎన్ని ఫాంట్లు వేసినా లాభం లేదు, కన్వర్టర్‌లో పెట్టి మార్చాల్సిందే. మూడోది, మేటర్ చక్కటి యూనికోడే, ఫాంటూ మంచిదే, కానీ ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పొల్లులు బయటికి వస్తాయి. అది టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగ్‌తో పోతుంది. నాలుగోది కీబోర్డు. అనూలో యాపిల్ లేఅవుట్‌కి అలవాటుపడిన చెయ్యి విండోస్ ఇన్‌స్క్రిప్ట్ మీద పడితే ఒకటి కొడితే ఇంకొకటి వస్తుంది. ఐదోది పీడీఎఫ్. చూడ్డానికి పేజీ ముత్యాల్లా ఉంటుంది, కాపీ చేసి వర్డ్‌లో వేస్తే అక్షరాలు చిందరవందర అవుతాయి. పీడీఎఫ్‌లో ఉండేది ప్రధానంగా అక్షరాల బొమ్మలు. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగా లేకపోతే కాపీ చేసినప్పుడు ఇలాగే వస్తుంది.

ఐదూ ఐదు రకాలు, ఐదింటికీ వేరువేరు దారులు. ప్రశ్నలో ఏదీ లేకపోతే గ్రూపులో ఏం జరుగుతుందో నేను ఎన్నోసార్లు చూశాను. ఒకాయన ఫాంటు మళ్లీ వెయ్యమంటాడు. ఇంకొకాయన సిస్టమ్ రీస్టార్ట్ చెయ్యమంటాడు. మూడో ఆయన విండోస్ మార్చమంటాడు. అందరూ సాయం చేద్దామనే చెప్తారు. అడిగినతను రాత్రి తొమ్మిదింటికి షాపులో ఒక్కడే కూర్చుని అవన్నీ చేస్తాడు, బాగున్న సెట్టింగులు కూడా పోతాయి, పొద్దున్నే కస్టమర్ వస్తాడు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మా వృత్తిలో అందరికీ తెలుసు.

మరి ఎలా అడగాలి? ఇలా రాశారనుకోండి:

"ఫొటోషాప్ 2019, విండోస్ 10. రామభద్ర ఫాంట్. క్రోమ్‌లో సరిగ్గా కనిపిస్తున్న 'లక్ష్మి' అనే మాటని ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. వేరే యూనికోడ్ ఫాంట్ పెట్టి చూశాను, అలాగే ఉంది. వర్డ్‌లో మాత్రం బాగానే వస్తోంది. సాయంత్రం 6 గంటలకి ప్రింటింగ్ ప్లేట్ వెయ్యడానికి పంపాలి."

ఇది రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇందులో నాకు బంగారంలాంటి మాట "వర్డ్‌లో బాగానే వస్తోంది" అన్నది. ఆ ఒక్క మాటతో ఫాంటు మీదా, కీబోర్డు మీదా, మేటర్ మీదా అనుమానం పోయింది. మిగిలింది ఫొటోషాప్ ఒక్కటే. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కి మార్చి కొత్త ఫైలు తెరవండి అని ఒక్క వాక్యంలో జవాబు చెప్పొచ్చు. ఏం చేస్తే రాలేదో అందరూ చెప్తారు. ఎక్కడ సరిగ్గా వచ్చిందో కూడా చెప్పండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఇక ఫొటోల సంగతి. ఫొటో వద్దని నేను అనను. వత్తు ఎక్కడ విరిగిందో చూపించడానికి బొమ్మే మేలు. కానీ దాని కింద అదే మాటని టెక్స్ట్‌గా కూడా పెట్టండి. ఎందుకంటే తెలుగులో కంటికి కనిపించని అక్షరాలు ఉంటాయి.

గుంటూరు నుంచి ఒక అబ్బాయి, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మిర్చి యార్డులో వాళ్ల బాబాయి కమీషన్ దుకాణం కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము రాశాడు. రెండు జాబితాల్లో రైతుల పేర్లు సరిచూసి లెక్క కలపాలి. కొన్ని పేర్లు కలవడం లేదు. రెండు జాబితాల్లోనూ "ప్రసాద్" అనే ఉంది, ప్రోగ్రాము మాత్రం రెండూ వేరు అంటోంది. స్క్రీన్‌షాట్ పెట్టాడు. స్క్రీన్‌షాట్‌లో రెండు ప్రసాద్‌లూ అచ్చం ఒకేలా ఉన్నారు. స్పేస్ ఉందేమో చూడమన్నారు, తీసేసి చూశాడు, లేదు. ఫైలు ఎన్‌కోడింగ్ మార్చమన్నారు. పైథాన్ వెర్షన్ మార్చమన్నారు. ఊహల మీద ఊహలు.

చివరికి ఒకరు అడిగారు: "తమ్ముడూ, ఆ రెండు పేర్లనీ కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చెయ్యి." పేస్ట్ చెయ్యగానే సంగతి బయటపడింది. లెన్ ఫంక్షన్‌తో చూస్తే ఒక ప్రసాద్ పొడవు 7, ఇంకో ప్రసాద్ పొడవు 8. రెండో దాని చివర, దకారం పొల్లు తర్వాత, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తు కూర్చుని ఉంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వకారం టకారం కింద వత్తుగా పడకుండా ఆపేది అదే. అక్కడ దానితో పని ఉంది. కానీ ఫోన్‌లో తెలుగు కొట్టేటప్పుడు కొన్ని కీబోర్డులు మాట చివర పొల్లు వచ్చినా దాన్ని పెట్టేస్తాయి. కంటికి ఏ తేడా ఉండదు, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరు మాటలు. ఒక జాబితా కంప్యూటర్‌లో కొట్టింది, ఇంకోటి ఫోన్‌లో కొట్టింది. పోల్చేముందు ఆ గుర్తుని తీసేసే లైను ఒకటి కలిపాడు, పేర్లన్నీ కలిశాయి. ఎంత మంచి కెమెరాతో తీసినా ఆ ఎనిమిదో అక్షరం ఫొటోలో పడదు.

ఆ అబ్బాయి ఇంకో మంచి పని చేశాడు. జాబితాలో రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. అవన్నీ తీసేసి రెండు పేర్లు మాత్రమే పెట్టాడు. మా గ్రూపులో ఆధార్ కార్డు మొత్తం కనిపించే ఫొటోలు పెట్టి "ఈ పేరు ప్రింట్‌లో సరిగా రావట్లేదు" అని అడిగినవాళ్లున్నారు. అది మన కార్డు కాదు, మనల్ని నమ్మి మన చేతికిచ్చిన కస్టమర్‌ది. సమస్య చూపించడానికి ఎంత కావాలో అంతే కత్తిరించి పెట్టండి.

ఎర్రర్ మెసేజ్ వస్తే దాన్ని ఉన్నదున్నట్టు, ఇంగ్లీషులోనే పేస్ట్ చెయ్యండి. "ఏదో ఎర్రర్ వస్తోంది", "మెమరీ అంటోంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, అక్షరం మార్చకుండా పెట్టండి. ఆ వాక్యాన్ని పట్టుకునే మిగతావాళ్లు వెతుకుతారు. వెర్షన్ నంబరు కూడా అంతే. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల గుంపుకి ఒక సందేశం రాశాడు. అప్పుడు అతను రాస్తున్న కొత్త ఆపరేటింగ్ సిస్టమే తర్వాత లైనక్స్ అయింది. ఆ సందేశంలో తను చేస్తున్నది ఏమిటో, 386, 486 యంత్రాల మీద నడుస్తుందని, బాష్ 1.08, జీసీసీ 1.40 అనే ప్రోగ్రాములు దాని మీద పనిచేస్తున్నాయని చెప్పి, మినిక్స్‌లో మీకు నచ్చేవేమిటి, నచ్చనివేమిటి అని అడిగాడు. ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు. అంత పెద్ద పని మొదలుపెడుతూ కూడా వెర్షన్ నంబర్లు రాయడం మానలేదు.

"అర్జెంట్" అనే మాట గురించి. మా వృత్తిలో అర్జెంట్ కానిది ఏదీ లేదు. ముహూర్తాల సీజన్‌లో ప్రతి శుభలేఖా అర్జెంటే. అందుకే ఆ మాటకి ఇప్పుడు బలం లేదు. దాని బదులు టైము చెప్పండి. "6 గంటలకి ప్లేట్" అంటే, అసలు సమస్య తర్వాత చూద్దాం, ముందు పని గట్టెక్కించే దారి చెబుదాం అని జవాబు చెప్పేవాళ్లకి తెలుస్తుంది. వర్డ్‌లో బాగా వస్తోంది కదా, అక్కడి నుంచి పీడీఎఫ్ తీసి ఫొటోషాప్‌లోకి తెచ్చుకోండి అని చెప్పొచ్చు. తీరిగ్గా అడిగినప్పుడు ఆ సలహా ఇవ్వం.

"ఎవరైనా ఉన్నారా?", "ఫొటోషాప్ తెలిసినవాళ్లు చెప్పండి, ఒక డౌట్" అని పెట్టి ఆగిపోకండి. అడగదలుచుకున్నది ఒకేసారి అడిగేయండి. "ఉన్నాను చెప్పండి" అనడానికి ఒకరు రావాలి, మీరు మళ్లీ చూసుకోవాలి, అప్పటికి వాళ్లు వేరే పనిలోకి వెళ్లిపోతారు. అలాగే ఒకే ప్రశ్నని మూడు గ్రూపుల్లో పెడితే మూడు చోట్లా ఆ సంగతి చెప్పండి. ఒకచోట జవాబు దొరికిన తర్వాత కూడా ఇంకోచోట ఒక పెద్దాయన మీ కోసం ఫైలు తెరిచి తంటాలు పడుతూ ఉంటాడు.

1995 అక్టోబరులో ఇంటర్నెట్ మర్యాదల మీద ఆర్‌ఎఫ్‌సీ 1855 అని ఒక పత్రం వచ్చింది. కొత్తగా చేరినవాళ్లు ఒకటి రెండు నెలలు అందరూ రాసేది చదివి, ఆ తర్వాతే నోరు విప్పమని అందులో ఉంది. రేపు పొద్దున డెలివరీ ఇవ్వాల్సినవాళ్లకి ఆ సలహా కుదరదు, మా గ్రూపులో నేను ఎవరికీ చెప్పను. కానీ అడిగేముందు గ్రూపులో ఒకసారి వెతకండి. "వత్తులు" అని కొట్టి చూస్తే బోలెడన్ని జవాబులు దొరుకుతాయి.

ఇప్పుడు జవాబు చెప్పేవాళ్లకి. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

మా గ్రూపులో చాలామంది తెలుగు మీడియంలో చదువుకుని, పదో తరగతి తర్వాతో ఇంటర్ తర్వాతో ఏదో ఒక షాపులో చేరి చూసి నేర్చుకున్నవాళ్లు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇంగ్లీషులో ప్రశ్న రాయాలంటే వాళ్లకి చెయ్యి ఆడదు. తెలుగులో అడగగలిగే చోటు ఇలాంటిది ఒకటో రెండో ఉంటాయి. అక్కడ కూడా "ఇంత చిన్నది కూడా తెలియదా", "గూగుల్ చెయ్ బ్రో" అంటే వాళ్లు ఇంకెక్కడికి పోవాలి? అక్షరం అక్షరం సీసంతో కూర్చిన కాలం నుంచి ఈ పనిలో ఉన్న మాస్టారు ఒకాయన గ్రూపులో ఉన్నారు. ఒకసారి లేయర్ల గురించి ఏదో అడిగితే ఒక కుర్రాడు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత చాలాకాలం ఏమీ అడగలేదు కూడా. నష్టం ఆయనకి ఒక్కడికే కాదు. తెలుగు అచ్చులో ఏ అక్షరం మధ్య ఎంత జాగా ఉండాలో ఆయనకి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు, ఆయన మాట్లాడటం మానేస్తే అది మాకెవ్వరికీ అందదు. ఫోన్ చేసి, మీరు అడగండి మాస్టారూ, నేను చెప్తాను అని బతిమాలాల్సి వచ్చింది. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు.

ప్రశ్నలో వివరం లేకపోతే కోప్పడొద్దు, తిరిగి అడగండి. అదీ ఒకసారికి ఒకటే. "ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ ఫాంట్, ఏ కీబోర్డ్, ఏ విండోస్" అని ఒక్కసారే గుప్పిస్తే కొత్తవాళ్లు బెదిరిపోతారు. "ఆ మాటని కాపీ చేసి ఇక్కడ పెడతారా అండీ?" అంటే చాలు, ఎక్కువసార్లు దారి అక్కడే దొరుకుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లని గారు అని పిలిస్తే మన సొమ్మేం పోదు. నన్ను చాలామంది సార్ అనుకునే పలకరిస్తారు, దానికి నాకేం బాధ లేదు. అడిగే అమ్మాయిలని మాత్రం "ఏ ఊరు, ఏం చదువుతున్నావ్" అని మొదలుపెట్టొద్దు.

ఇది ఊరికే అనడం లేదు. గుంటూరులో చదువుకుంటున్న ఒక అమ్మాయి గ్రూపులో ఒక్క డౌట్ అడిగింది. గ్రూపులో వచ్చిన జవాబులకన్నా ఆమె ఇన్‌బాక్స్‌కి వచ్చిన హాయ్‌లు ఎక్కువ. "పర్సనల్‌గా చెప్తాను, నంబర్ పెట్టు" అన్నవాళ్లు కొందరు. ఆ పిల్ల నాకు మెసేజ్ పెట్టి, అక్కా, నా డౌట్లు మీ పేరుతో అడగరా అంది. కొన్నాళ్లు అలాగే అడిగాను. అలా అడగాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది. ఇప్పుడు గ్రూపులో రూల్ ఉంది: అడిగినవాళ్లు రమ్మంటే తప్ప ఎవరికీ విడిగా మెసేజ్ పెట్టకూడదు, జవాబు అందరి ముందే చెప్పాలి. మొదటి ఫిర్యాదుకే గ్రూపు నుంచి తీసేస్తాం, ఎంత సీనియర్ అయినా సరే.

విడిగా చెప్పడంలో ఇంకో నష్టం ఉంది, అది మంచివాళ్ల వల్ల జరిగే నష్టం. మనవైపు మనుషులు ఉదారులు. "ఫోన్ చెయ్యండి చెప్తాను", "ఎనీడెస్క్ ఇవ్వండి, నేను చేసేస్తాను" అంటారు. (ఎనీడెస్క్ అంటే దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్.) తన షాపులో పని ఆపుకుని అరగంట కూర్చుని చేసిపెడతారు. దానికి దణ్ణం పెట్టాలి. కానీ ఆ అరగంటలో ఏం తేలిందో ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. తర్వాతి నెల అదే సమస్య తెనాలిలో ఇంకొకరికి వస్తే మళ్లీ మొదటి నుంచి. ఫోన్‌లో చెప్పండి, తప్పు లేదు. పెట్టేసిన తర్వాత గ్రూపులో రెండు లైన్లు రాయండి. ఎనీడెస్క్ విషయంలో మాత్రం, పరిచయం లేనివాళ్లు అడిగితే ఇవ్వకండి. మీ సిస్టమ్‌లో మీ బ్యాంకు లాగిన్ ఉంటుంది, కస్టమర్ల కాగితాలు ఉంటాయి.

కొత్తగా వచ్చిన ఇబ్బంది ఏఐ జవాబులు. ఎవరైనా అడగగానే చాట్‌జీపీటీలో వేసి వచ్చింది వచ్చినట్టు పేస్ట్ చేస్తున్నారు. చూడ్డానికి తీర్చిదిద్దినట్టు ఉంటుంది, వరసగా మెట్లు కూడా ఉంటాయి. మూడో మెట్టు దగ్గర చెప్పిన మెనూ ఆ వెర్షన్‌లో ఉండనే ఉండదు. అడిగినతను తన కళ్లే సరిగా కనిపించడం లేదేమో అనుకుని వెతుకుతూ కూర్చుంటాడు. 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో ఇలాంటి జవాబులని నిషేధించింది. సరైనవిలా కనిపిస్తూ చాలావాటిలో తప్పులుండటమే కారణమని చెప్పింది. ఏఐని అడగొద్దని నేను అనడం లేదు, నేనూ అడుగుతాను. మీ సిస్టమ్‌లో చేసి చూసి, పనిచేస్తే అప్పుడు మీ మాటల్లో రాయండి. చూడకపోతే "నేను చేసి చూడలేదు" అని ముందే చెప్పండి. మనుషుల నుంచి విన్న చిట్కాకైనా ఇదే వర్తిస్తుంది. "నా దగ్గర ఇన్‌డిజైన్ 2020, వరల్డ్ రెడీ కంపోజర్ పెడితే వచ్చింది" అని చెప్పడానికీ, "కంపోజర్ మార్చు" అని ఊరుకోడానికీ చాలా తేడా ఉంది.

క్రాక్ లింకులు (లైసెన్స్ కొనకుండా సాఫ్ట్‌వేర్ వాడుకునే దొంగదారులు) అడిగేవాళ్లకి ఒక్క మాట: ఇక్కడ పెట్టరు, అడగొద్దు. లైనక్స్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్ ఉచితంగానే ఉన్నాయి. నేర్చుకుంటామంటే కూర్చోబెట్టి చెప్పేవాళ్లు గ్రూపులో ఉన్నారు.

సమస్య తీరిపోయాక "సాల్వ్ అయింది, థాంక్స్" అని రాసి వెళ్లిపోవద్దు. ఏది పనిచేసిందో రాయండి. పదిమంది పది దారులు చెప్పి ఉంటారు, వాటిలో ఏది కుదిరిందో మీకు ఒక్కరికే తెలుసు. మీరే సొంతంగా కనుక్కున్నా సరే రాయండి. నాలుగు రోజుల తర్వాత తెలిసినా పాత ప్రశ్నకి రిప్లై ఇచ్చి రాయండి, ఆలస్యమైందని ఎవరూ ఏమీ అనుకోరు. రాసేటప్పుడు సమస్యని తెలుగు లిపిలో ఒకసారి, మెనూ పేరునీ ఎర్రర్‌నీ స్క్రీన్ మీద ఉన్నట్టు ఇంగ్లీషులో ఒకసారి రాస్తే మేలు. కొందరు "వత్తులు విడిపోతున్నాయి" అని వెతుకుతారు, కొందరు అదే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో తోచిన స్పెల్లింగుతో కొడతారు, కొందరు ఎర్రర్‌ని కాపీ చేసి వేస్తారు. ఆ మూడు రకాలవాళ్లకీ దొరికేలా ఉంటే, మాలో ఎవరూ ఆన్‌లైన్‌లో లేని అర్ధరాత్రి కూడా వాళ్ల పని ఆగదు.